నూర్పిళ్ళ రోజున ఊపిరి

నా చిన్నప్పుడు కంకిపాడు దగ్గర మా ఇంటిని ఆనుకునే కళ్ళం ఉండేది. నూర్పిళ్ళు వచ్చాయంటే అందరికీ సందడి, నాకు మాత్రం ఉబ్బసం. అందుకే ఆ రోజుల్లో అమ్మ నన్ను గుణదలలో పిన్ని వాళ్ళింటికి పంపేసేది.

ఒక ఏడు ఆ వీలు లేకపోయింది. మబ్బు పట్టేసరికి నాన్న అనుకున్నదానికంటే ముందే నూర్పిడి మొదలుపెట్టించాడు. పొట్టు, దుమ్ము ఇంట్లోకి కమ్ముకొచ్చాయి. కాసేపటికే నా గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి.

తాతయ్య కళ్ళంలోకి పరుగెత్తి, "కాసేపు ఆపరా, పిల్ల ఎగపోస్తోంది" అన్నాడు. నాన్న నా వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు. ఆపితే ఏడాది తిండి తడిసిపోతుంది. "నువ్వు దాన్ని అవతలికి తీసుకుపో నాన్నా" అన్నాడు, మొహం తిప్పుకుని.

తాతయ్య నాకు మాత్ర మింగించి, భుజాన వేసుకుని కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే బెజవాడ బస్సు ఇంకా రాలేదు. నన్ను కాస్త ముందుకు వంచి కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద చేతులు పెట్టించి, ఎదురుగా కూలబడ్డాడు.

"నీ ఊపిరి నేను తీసిపెట్టలేను తల్లీ. నాతోపాటు వదులు, అంతే."

వేడి పాలు ఊదినట్టు పెదాలు సున్నాలా చుట్టి, నెమ్మదిగా, బారుగా వదిలేవాడు. నేనూ వదలబోయి మధ్యలో ఆగిపోయేదాన్ని. ఆయన మళ్ళీ మొదలుపెట్టేవాడు. తన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఊదడం మాత్రం ఆపలేదు. పెద్దవాళ్ళకు చేతకానివి కూడా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది.

బెజవాడలో డాక్టరు గారు సూది వేశాక గానీ తెరిపిన పడలేదు. ఇంటికొచ్చేసరికి వాన కురిసి వెలిసింది. ధాన్యం సగం తడిసే పోయింది. నాన్న వచ్చి నా వీపు నిమిరాడు.

ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. దుమ్ము లేవకుండా ఇల్లు తడిబట్టతో తుడుస్తాను. దిండ్లు ఎండలో వేస్తాను. అగరుబత్తి మానేశాను. పొలాల్లో గడ్డి తగలబెట్టే కాలంలో కిటికీలు మూసేస్తాను. ఒంట్లో బాగున్న రోజున కూడా డాక్టరు గారు చెప్పిన ఇన్‌హేలర్ వదలను. ఇన్ని చేసినా ఒక్కోసారి ఆయాసం చెప్పకుండా వచ్చేస్తుంది. ఇప్పుడీ ఉబ్బసం మా మనవరాలికీ వచ్చింది. దానికి మందు పీల్పించాక, ఆ మందు పనిచేసేదాకా నా చేతిలో ఏమీ ఉండదు. లేచి అటూ ఇటూ తిరగాలనిపిస్తుంది. తిరగను. దాని ఎదురుగా నేల మీద కూర్చుని, దానికి కనబడేలా నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఉంటాను.