గంజి కేంద్రంలో విందు

మొన్నామధ్య కర్నూలులో ఒక బ్యాంకు ఫౌండేషన్ వాళ్ళు నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ని, పైగా ఎనభై దాటినదాన్ని. వేదిక మీద కూర్చోవడానికి అంతకంటే అర్హత అక్కర్లేదు. జిల్లాలోని సేవాసంస్థలకి గ్రాంట్లు ఇచ్చే సభ అది. చెక్కులు ఒక్కొక్కటీ తలుపు రెక్కంత ఉన్నాయి, ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే గానీ నిలబడవు. అంత చెక్కుని బ్యాంకులో ఏ కిటికీలోంచి లోపలికి తోస్తారని పక్కాయన్ని అడిగితే, అది ఫోటో కోసమేనని, అసలు డబ్బు కంప్యూటర్లో వెళ్ళిపోతుందని ఓపిగ్గా చెప్పాడు. సభ అయ్యాక కాఫీల దగ్గర, అనాథ పిల్లల హాస్టలు నడిపే ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. వచ్చే ఏడు తమకి గ్రాంటు రావచ్చునని, బుధవారం బ్యాంకు వాళ్ళు చూడటానికి వస్తున్నారని, పిల్లలందరికీ కొత్త బట్టలు కుట్టిస్తున్నానని, భోజనంలోకి రెండు రకాల స్వీట్లని సంబరంగా చెప్పింది. "కొత్త బట్టలు వద్దమ్మా, పాతవే వెయ్యి. రోజూ పెట్టేదే పెట్టు" అన్నాను. పాపం పెద్దావిడకి మతి తప్పినట్టుందే అన్నట్టు ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. విడమరిచి చెబుదామంటే అది కాఫీ చల్లారేలోగా చెప్పే సంగతి కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, ఆత్మకూరుకి ఏడెనిమిది మైళ్ళ అవతల, నల్లమల కొండలు కనబడే ఒక పల్లెలో టీచరు. బడి అంటే వేరే ఏమీ లేదు, ఊరికి ఎడంగా మా పేటలో ఉన్న చర్చే. ఆరు రోజులు బడి, ఏడో రోజు చర్చి. పెద్దనాన్న పెళ్ళయిన నాలుగేళ్ళకే పోయాడు, పిల్లలు లేరు. మనిషి పొడుగు, సన్నం, మాట కటువు. కాళ్ళు కడుక్కోకుండా చర్చి మెట్టెక్కితే పాస్టరుగారినైనా వెనక్కి పంపేది. ఇంటికి వచ్చిన మనిషిని మాత్రం తినకుండా పంపడం ఆమెకి చేతనయ్యేది కాదు. సైకిలు మీద వచ్చిన పోస్టుమాన్‌కి కూడా రొట్టె ముక్క చేతిలో పెట్టేది. అతను వేరే కులం వాడు, మా పేటలో తినకూడని వాడు. అయినా ఆమెకి భయపడి సంచీలో వేసుకుని వెళ్ళేవాడు. ఊరి పొలిమేర దాటాక తినేవాడో పారేసేవాడో మాకు తెలియదు. నేను అప్పుడే కర్నూలులో టీచరు ట్రైనింగు ముగించి, ఉద్యోగం ఆర్డరు కోసం చూస్తూ ఆమె దగ్గర ఉన్నాను. నాకు ఇరవై ఏళ్ళు, నాకు తెలియని సంగతి లోకంలో లేదనుకునే వయసు.

అవి యాభైల మొదటి రోజులు. వరసగా మూడో ఏడు వాన లేదు. బావుల్లో దిగి చెంబుతో నీళ్ళు తోడుకునే స్థితి వచ్చింది. ఒంట్లో శక్తి ఉన్నవాళ్ళు ముసలివాళ్ళనీ పిల్లల్నీ వదిలి తుంగభద్ర డ్యాం పనికి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ కోసం పెద్దమ్మ చర్చి వెనక మూడు రాళ్ళ మీద పెద్ద గంగాళం పెట్టి గంజి కేంద్రం మొదలుపెట్టింది. మిషను వాళ్ళు పంపిన జొన్నలు విసిరి, ఆ పిండితో పొద్దున ఒక్క పూట గంజి. తిన్న పిల్లలు నీడలో పడుకునేవాళ్ళు, ఆడుకునేవాళ్ళు కాదు. పిల్లలు అరవకుండా ఉన్న బడి ఎంత భయంకరంగా ఉంటుందో టీచర్లకే తెలుస్తుంది. వాళ్ళలో ఆరేళ్ళ పిల్ల ఒకతె ఉండేది. తల్లిదండ్రులు డ్యాం పనికి పోతూ అవ్వ దగ్గర వదిలి వెళ్ళారు. నా కొంగు వదిలేది కాదు. గంజి తాగాక ముంత అడుగు వేలితో తుడిచి నాకి, ఆ ముంతని నాకే చూపించి, "కడిగినట్టే ఉండాది చూడక్కా" అనేది.

కొన్నాళ్ళకి మిషను నుంచి జొన్నలు రావడం ఆగిపోయింది. అప్పుడు ఎవరో చెప్పారు, కర్నూలులో ఒక సహకార బ్యాంకు ఉందని, అక్కడి వకీళ్ళూ వ్యాపారులూ భూములున్న రైతులూ కలిసి పెట్టుకున్నదని, లాభంలో కొంత ధర్మనిధిగా తీసి మంచి పనులు చేసే సంఘాలకి ఇస్తారని. పెద్దమ్మ అర్జీ రాసింది. దొంగ సంఘాలు కూడా అర్జీలు పెట్టే రోజులు కాబట్టి, డైరెక్టర్లు స్వయంగా వెళ్ళి కళ్ళారా చూస్తే గానీ పైసా ఇవ్వకూడదని వాళ్ళ నియమం. మంచి నియమమే, ఇప్పటికీ అదే అంటాను. పది రోజులకి కార్డు వచ్చింది. ఫలానా శుక్రవారం ప్రెసిడెంటుగారూ ఇద్దరు డైరెక్టర్లూ వస్తున్నారు, మధ్యాహ్న భోజనం కేంద్రంలోనే చేస్తారు.

ఆ చివరి వాక్యం మా పేటని తలకిందులు చేసింది. ఊరివాళ్ళు మా పేటలో మంచినీళ్ళు కూడా తాగని కాలం అది. జిల్లాలో పేరున్న పెద్దమనుషులు మా చేతి తిండి తింటామని కార్డు మీద సిరాతో రాశారు. పెద్దమ్మ ఆ కార్డు అందరికీ చదివి వినిపించింది. సంఘపెద్ద అయిన ఒక తాత చివరిదాకా విని, "గంజే పోద్దాం టీచరమ్మా. వాళ్ళు చూసేకి వస్తాండేది గంజినే గదా" అన్నాడు. ఆ పేట మొత్తంలో ఆరోజు తెలివిగా మాట్లాడింది ఆయనొక్కడే. పెద్దమ్మ ఆయన వైపు చూడను కూడా చూడలేదు. "మన గడపకాడికి ఎన్నడన్నా వచ్చినారా తాతా ఇట్లాంటోళ్ళు? మొదటిసారి తినేకి వస్తాంటే గంజి పోస్తే, ఇంగ మన పిల్లోళ్ళ కాలానికి గూడా ఎవురూ రారు" అంది. నేను ఆమె పక్షమే. గట్టిగా తలూపాను కూడా.

మిగిలిన రెండు బస్తాల జొన్నలూ బండి మీద ఆత్మకూరు వెళ్ళాయి. వాటికి బదులుగా కొంచెం బియ్యం, గోధుమపిండి, బెల్లం, శనగపప్పు, చిన్న గిన్నెడు నెయ్యి వచ్చాయి. పోయేది పదిరోజుల గంజి, వచ్చేది వానలదాకా సరిపోయే గంజి, అని పెద్దమ్మ లెక్క. గర్భిణిగా ఉన్న ఒకామె పురుటికని దాచుకున్న బియ్యం తెచ్చి ఇచ్చింది. నేను పిల్లల పని చూశాను. తలంట్లు పోశాను, జుట్టుకి నూనె రాశాను, నా పాత చీరలు రెండు చించి ఆడపిల్లలకి గౌన్లు కుట్టాను. ట్రైనింగులో నేర్చుకున్న మర్యాదలన్నీ నేర్పాను. చేతులు కట్టుకోవాలి, సార్ అనాలి, ఎలా ఉన్నారని అడిగితే బాగున్నామనాలి, పెద్దల ముందు ఏడవకూడదు, ఇది లేదు అది లేదు అనకూడదు. మూడు రోజులు కూర్చోబెట్టి వల్లె వేయించాను. వాళ్ళూ చక్కగా నేర్చుకున్నారు, అంత బాగా నేర్చుకున్న క్లాసు నా ఉద్యోగకాలంలో మళ్ళీ దొరకలేదు.

శుక్రవారం జీపు వచ్చింది. ప్రెసిడెంటుగారు ఖద్దరు బట్టల్లో ఉన్న వకీలు, నిజంగా మంచి మనిషి. కాళ్ళు కడుక్కోమని పెద్దమ్మ చెప్పకముందే కడుక్కున్నారు. కుర్చీ వేస్తే వద్దని, చర్చి లోపల పిల్లల వరసలోనే నేల మీద కూర్చున్నారు. డైరెక్టర్లిద్దరూ కాస్త ఇబ్బంది పడుతూనే కూర్చున్నారు. వరన్నం, పప్పు, నెయ్యి, భక్ష్యాలు, అదే బొబ్బట్లు. మా పేట అంతా చర్చి కిటికీల దగ్గర నిలబడి ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకోవడం చూసింది. ఒక ముసలామె కళ్ళు తుడుచుకుంది. పెద్దమ్మ ముఖం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ప్రెసిడెంటుగారి పక్కన ఆ ఆరేళ్ళ పిల్ల కూర్చుంది. పుట్టాక భక్ష్యం తినడం అదే మొదలు. ఆయన ముద్దుగా అడిగారు.

"కడుపు నిండిందా పాపా?"

"నిండింది సార్."

"దినామూ ఇట్లనే నిండుతాదా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. లేదు అనకూడదని నేర్పిన అక్కని నేనే. మెల్లగా తలూపాను. "నిండుతాది సార్" అంది, చేతులు కట్టుకుని.

మూడు వారాలకి బ్యాంకు నుంచి పెద్ద కవరు వచ్చింది. అందులో ఉన్నది ప్రశంసాపత్రం. కేంద్రం ఆదర్శప్రాయంగా నడుస్తోందని, పిల్లలు శుభ్రంగా, ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నారని, భోజనం ఉత్తమంగా ఉందని, ఇక్కడ దాతలకి కొరత లేదు గనక ఈ ఏటి సహాయం మరింత అవసరమున్న చోటికి ఇచ్చామని, అంచు చుట్టూ లతలు వేసిన దళసరి కాగితం మీద అచ్చేసి పంపారు. అప్పటికి మేము ఊళ్ళో అడిగి తెచ్చిన నూకలతో రోజు విడిచి రోజు గంజి కాస్తున్నాం.

మర్నాడే నేనూ పెద్దమ్మా బస్సెక్కి కర్నూలు వెళ్ళాం. ప్రెసిడెంటుగారు లేచి ఎదురొచ్చి మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టారు. కాఫీ తెప్పించారు. పెద్దమ్మ తల వంచుకుని, "పిండి అయిపోయింది సార్. ఏమన్నా ఇప్పిస్తే..." అంది. ఆయన నవ్వారు, ఎగతాళి నవ్వు కాదు.

"టీచరమ్మా, ఆ పొద్దు మేము చూస్తిమి గదమ్మా. మీరు పెట్టిన భక్ష్యాలు ఈ కరువులో మా ఇంట్లోనే లేవు. ఇంగో ఊర్లో పిల్లోళ్ళు ఎండు గడ్డలు తవ్వుకోని తింటాండారు. వాళ్ళకియ్యకుండా మీకిస్తే న్యాయమా, మీరే చెప్పండి."

అప్పుడు చెప్పాలి. ఆ బియ్యం ఎక్కడివో, ఆ బెల్లం ఏం పెట్టి కొన్నామో, మా పిల్లలూ గడ్డలు తవ్వుకుంటున్నారని చెప్పాలి. నేను నోరు తెరిచాను. పెద్దమ్మ బల్ల కింద నా మణికట్టు పట్టుకుని, ఎముక నొప్పి పుట్టేలా నొక్కింది. "న్యాయమే సార్" అంది. కాఫీ తాగకుండా లేచింది. ఆమె ఎవరింట్లోనైనా పెట్టింది వదిలి లేవడం అదొక్కసారే చూశాను.

బస్సులో నేను ఏడుస్తూ పోట్లాడాను. ఆమె అంది, "పిల్లోళ్ళ గంజి అమ్మి నీకు పెట్టినామని ఆయప్పకు ఎట్ల చెప్తాం పాపా? ఆయప్ప ఇంగ జన్మలో మన పేటలో తినడు. తినినోళ్ళకి తినింది ఎత్తి చూపిస్తామా?" నాకు ఆరోజు ఆమె మీద వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ నిజం చెప్పాలి. ఆమె నా చెయ్యి పట్టుకుంది గానీ నోరు పట్టుకోలేదు. నాకూ ఆ కుర్చీ, ఆ గౌరవం బాగున్నాయి. వాటిని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

తర్వాతి రోజులు రాయడం కష్టం. పెద్దమ్మ గాజులు, నా కమ్మలు జొన్నలయ్యాయి, అవి కొద్దిరోజుల్లో అయిపోయాయి. చింతగింజలు వేయించి పొట్టు తీసి ఉడికించాం. అవి పిల్లల కడుపుల్లో నిలవలేదు. ముసలివాళ్ళు ముగ్గురు పోయారు, తర్వాత ఆ పిల్ల. విరేచనాలతో రెండు రోజులు పడుకుంది. రెండో రోజు సాయంత్రం నన్ను అడిగింది, "ఆ సార్లు మళ్ళా వస్తారా అక్కా?" వస్తారన్నాను. "అయితే తలంటు పొయ్యాల గదా" అంది. చీకటి పడకముందే పోయింది. నేను కుట్టిన గౌనులోనే పూడ్చాం, దానికి ఉన్న మంచి బట్ట అదొక్కటే.

వానలు వచ్చాయి. డ్యాం పని నుంచి తల్లీ తండ్రీ వచ్చారు. తల్లి చర్చి ముందు కూలబడి ఒక్కటే అడిగింది: "ఆకలితో పోయిందా టీచరమ్మా నా బిడ్డ?" పెద్దమ్మ అబద్ధం ఆడేది కాదు. నిజం చెప్పే ధైర్యమూ ఆ రోజు లేకపోయింది. "పెద్దోళ్ళ పక్కన కూచ్చోని నెయ్యేసుకోని వరిబువ్వ తినింది తల్లీ, భక్ష్యం తినింది. కడుపు నిండిందని చెప్పింది" అంది. ఆ తల్లి ఆ మాటని కొంగున కట్టుకుంది. బ్యాంకు ప్రెసిడెంటు పక్కన కూర్చుని నా కూతురు భక్ష్యం తినిందని బతికినన్నాళ్ళూ అందరికీ చెప్పుకుంది. విన్న ప్రతిసారీ నేను పని ఉన్నట్టు అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. మరుసటి ఏడు ఆ బ్యాంకు మా కేంద్రానికి అడగకుండానే గ్రాంటు ఇచ్చింది. పెద్దమ్మ సంతకం పెట్టి తీసుకుంది. ప్రెసిడెంటుగారు ఆ తర్వాత కూడా రెండుసార్లు మా పేటలో భోంచేశారు, ఏమీ తెలియకుండానే కాలం చేశారు.

ఆ పిల్లని పూడ్చిన తొమ్మిదో రోజున వాన పడింది. వాన పడిన మర్నాడే ఊళ్ళో కూలి దొరికింది, వారానికల్లా పొలాల్లో ఆకుకూర మొలిచింది, ఇంక ఎవరూ చావలేదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా నేను బస్సుల కోసం, జీతాల కోసం, సెలవుల కోసం ఎదురుచూస్తూ, ఏమీ తోచక పడుకుని ఎన్ని తొమ్మిది రోజులు గడిపేశానో లెక్కలేదు. వాటిలో ఏ తొమ్మిదైనా ఆ పిల్లకి సరిపోయేవి.