వెనక్కి పారిన వాగు

సహోదరులారా, న్యాల్‌కల్ వైపు వాగు ఒడ్డున అల్లం పండించే దావీదును నేను. ఆ రోజుల్లో నా మనసు బండబారిపోయి ఉండేది, పక్క పొలం శివప్పతో నీళ్ల విషయంలో గొడవపడి మూడేళ్లుగా మాటలు మానేశాను, దాంతోపాటే ప్రార్థన కూడా మానేశాను.

తుఫాను తీరం దాటిందనీ వాగుల దగ్గర ఉండవద్దనీ ఫోన్‌లో హెచ్చరిక వచ్చినప్పుడు నా భార్య సునంద, "పిల్లల్ని తీస్కొని జహీరాబాద్‌ల మా అక్కోళ్లింటికి పోదాం, నువ్వు గూడ రా" అని బతిమాలింది.

"సముద్రం యాడ, మనం యాడ? ఫికర్ చెయ్యకు. మోటరు పైకి తీసి వస్త, మీరు పోండ్రి" అన్నాను.

రెండు రోజులు కురిసిన వాన ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగింది. ఒక్క కప్ప అరవలేదు, ఒక్క పిట్ట ఎగరలేదు, ఆకాశం పసుపు రంగుకు తిరిగింది. వాగులో దిగి మోటరు తాళ్లు విప్పుతుంటే నా చెప్పు జారి నీళ్లలో పడింది, అది దిగువకు పోకుండా మెల్లగా ఎగువకు వెళ్లిపోయింది. నిండిపోయిన మంజీర నది మా వాగును వెనక్కి తోస్తోందని నాకప్పుడు తెలియదు. చప్పుడే లేకుండా నీళ్లు మోకాళ్లు దాటి నడుము దాకా వచ్చాయి.

ఎలాగో మోటరు గది కప్పు మీదికి ఎక్కాను. అక్కడ అప్పటికే రెండు పాములు చుట్టుకొని ఉన్నాయి, నన్ను చూసినా కదలలేదు. అరుద్దామంటే గొంతు పెగలలేదు. "ప్రభువా, శివప్ప మీద నా పగ తీసెయ్యి, నన్ను నా పిల్లల దగ్గరికి చేర్చు" అని మనసులోనే అనుకున్నాను.

కొంతసేపటికి నడుముకు తాడు కట్టుకొని, ట్రాక్టర్ ట్యూబు పట్టుకొని ఈదుతూ వచ్చింది ఎవరనుకున్నారు, ఆ శివప్పే. మేము గట్టెక్కగానే మా వెనక ఆ గది గోడలు నీళ్లలోకి ఒరిగిపోయాయి.

"నేనున్నట్టు నీకెట్ల తెలిసింది?" అని అడిగాను.

"నువ్వే పిలిస్తివి గద దావీదూ. ఇంట్ల కూసున్న, నా పేరు పెట్టి మూడుసార్లు పిలిచినవ్, చెవు పక్కనే పిలిచినట్టు వినవడ్డది."

నేను పిలవలేదు. అది ఎవరి గొంతో నేటికీ ఒళ్లు జలదరించకుండా తలచుకోలేను. ఆ గట్టు మీదే శివప్ప చేతులు పట్టుకొని క్షమాపణ అడిగాను.

పంట పోయింది, మోటరు పోయింది, నేను మిగిలాను, దేవునికే మహిమ. మీలో ఎవరైనా నోట మాట రానంత భయంలో ఉంటే, మనసులోనే ఆయనను అడగండి. వినడానికి ఆయనకు మన గొంతు అక్కరలేదు.