ఏడో వరుసలో ఆగిన బంటు

శుక్రవారం ఫోన్ చెయ్యనని మా బావకు ఆయన ఆఫీసు మేనేజరు మాట ఇచ్చాడు. చేశాడు. అది జరిగి చాలా ఏళ్లయింది. మొన్న నెల్లూరు నుంచి అక్క ఫోన్ చేసి, బావ పోయాడని చెప్పినప్పుడు కన్నీళ్ల కంటే ముందు నాకు ఆ పాత కోపమే వచ్చింది.

అప్పట్లో బావా నేనూ దుబాయ్‌లోని సత్వాలో ఒకే గదిలో ఉండేవాళ్లం. బావ ఉద్యోగం గుమాస్తాగిరీ; మేనేజర్ని అక్కడ ముదీర్ అంటారు. పోటీ చదరంగంలో మాత్రం గట్టి ఆటగాళ్లు కూడా ఆయన పేరు వింటే సర్దుకుని కూర్చునేవారు. ఎత్తు వేసే ముందు రెండు అరచేతుల మీద కూర్చునేవాడు. "చేతుల్ని నమ్మగూడదు బామ్మర్దీ, తల ఒప్పుకునేదాకా లేవనీయగూడదు" అని నాకూ నేర్పాడు. నాకొచ్చిన కాస్త ఆటా ఆయన పెట్టిన భిక్షే.

ఆ శుక్రవారం ఫుజైరా పోటీలో ఆఖరి ఆట. గెలిస్తే దుబాయ్‌లో మాస్టర్ల టోర్నమెంటులో చోటు. బావ వయసంతా కోరుకున్నది అదొక్కటే. ఎదుట ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి, మొండి ఆటగాడు. హాల్లో ఎవరి ఫోన్ మోగితే వాళ్లు ఓడినట్టే అన్న నిబంధన కొత్తగా వచ్చింది.

"బావా, ఫోన్ కట్టెయ్."

"కట్టేస్తే ముదీర్ ఊరుకోడబ్బా. చెయ్యనన్నాడు గదా."

"చెయ్యనివాడి కోసం తెరిచిపెట్టడం దేనికి?"

"పుస్తకాలు చదివి చెడిపోయినావురా నువ్వు" అని నవ్వి, ఫోన్ జేబులో వేసుకున్నాడు.

నాలుగు గంటల ఆట. చివరికి చెరో ఏనుగు మిగిలింది. బావ బంటు ఏడో వరుస చేరింది. ఇంకొక్క గడి దాటితే మంత్రి. ఎదుటివాడు తల పట్టుకున్నాడు. అప్పుడు బావ జేబు మోగింది.

పోటీ తీర్పరి, ఆర్బిటర్, వచ్చి గడియారం ఆపాడు. "సారీ భాయ్. ఖలాస్." గెలిచినవాడు కూడా తల ఎత్తలేకపోయాడు. నేను అరవబోయేసరికి బావ లేచి నిలబడి ఫోన్ ఎత్తాడు.

"జీ సాబ్. చాబీ దరాజ్ మే హై. నహీ సాబ్, ఖాళీ హూఁ."

ముదీర్ అడిగింది బీరువా తాళం ఎక్కడుందని. బావ ఇచ్చిన జవాబు, సొరుగులో ఉంది, నేను ఖాళీగానే ఉన్నానని.

ఆ తర్వాత ఆయన మళ్లీ పోటీకి కూర్చోలేదు. సంతాప సభలో అందరూ ఆయన వినయాన్ని పొగిడారు. ఆ వినయం ఏం తినేసిందో వాళ్లెవరూ చూడలేదు. ముదీర్ మొహం నాకిప్పుడు గుర్తు కూడా లేదు. ఆగిన గడియారం పక్కన నిటారుగా నిలబడి, కనిపించని మనిషికి తలూపుతున్న ఆయనే కళ్లముందు ఉన్నాడు. తప్పు మా బావదే.