విభూది కలిపిన కాటుక

గిడ్డమ్మవ్వకు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. కారణం కావాల్సిందల్లా పోవడానికే. పొద్దున్నే పత్తికొండ మార్కెట్టులో టమాటా కుప్ప ముందు కూర్చుని పండు, దోర, కాయ అని వేరు చేసేటప్పుడు కూడా ఆమె ఒక్కో దాన్నీ తిట్టే వేరు చేస్తుంది. మెత్తబడింది ఒకటి చేతికి తగిలిందంటే దాన్ని పండించిన రైతుకూ, మోసుకొచ్చిన ఆటోకూ, మధ్యలో కురిసిన వానకూ తలా కొంత వాటా పడుతుంది. పక్కన పనిచేసే ఆడవాళ్లు ఆ తిట్లు వినడానికే ఆమె దగ్గర చోటు పట్టుకుంటారు.

ఆమెకు ఇంకో పేరు కూడా ఉంది. గిడ్డమ్మవ్వ ఏడవగా చూసినవాళ్లు ఊళ్లో లేరు. మొగుడు శేషన్న చేన్లో పాము కరిచి పోయినప్పుడు, మీద పడి ఏడవమని ఆడవాళ్లంతా చుట్టూ చేరి చెబితే, "ఏడిస్తే లేస్తాడా? లేస్తాడంటే చెప్పండి, ఏడుస్తా" అని వాళ్లనే ఎదురడిగింది. బొట్టు తీసేశారు, గాజులు పగలగొట్టారు, తడిగుడ్డతో కాటుక తుడిచేశారు. ఆమె కన్ను మాత్రం తడవలేదు. "ఇది మనిషి కాదు, రాయి" అన్నారు. ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందంటే, ఇన్నేళ్లూ బంగారు గొలుసు వేసుకున్నంత గొప్పగా దాన్ని మోస్తూ తిరిగింది.

ఆమె మనవరాలు భువన ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంది. పుస్తకం పట్టుకుంటే నిద్రపోయే పిల్ల, ఫోనులో ఎవరో కళ్లకు రంగులు వేస్తుంటే రెప్ప వేయకుండా చూసేది. కర్నూల్లో పార్లరు పెట్టుకున్న శివజ్యోతి అనే ఆమెను ఎట్లాగో పట్టుకుని పని నేర్పమని అడిగింది. "ఎవరికైనా ఒక కంటికి స్మోకీ మేకప్ వేసి ఫోటో పంపు. చెయ్యి కుదురుగా ఉంటే వచ్చి నేర్చుకో, మా ఇంట్లోనే ఉండు" అంది శివజ్యోతి. స్మోకీ అంటే కంటికి పొగ పట్టినట్టన్నమాట. వెంట్రుకల మొదట్లో నల్లగా మొదలై, పైకి పోయేకొద్దీ పలచబడి, బూడిద రంగులో కలిసిపోవాలి.

భువన నాయన నాగరాజ్ ససేమిరా అన్నాడు. టమాటా బాక్సులు తోలే ఆటో అతనిది. "ఊరోళ్ల మొగాలకు మసి పూసే పని నా కూతురికొద్దు" అన్నాడు.

నిజం చెప్పాలంటే అవ్వ కూడా మొదట ఆ మాటే అంది. మార్కెట్టులో కొడుకు పక్కన నిలబడి, "అదేం పనప్పా, సిగ్గుల్యాకుండా" అని వంత పాడుతోంది. అప్పుడే నాగరాజ్, బాక్సులు దించే చికాకులో, "నీకేం తెలుసు మా, నోరు మూసుకో" అనేశాడు. అదీ నలుగురి ముందు. అదీ తన మాటకే మద్దతిస్తున్న తల్లిని. ఆ నిమిషంలోనే అవ్వ పార్టీ మార్చేసింది.

ఇంటికొచ్చి గడపలోంచే అరిచింది. "ఏమే పాపా, ఆ పొగ మేకప్పో మసి మేకప్పో, ఎప్పుడు చేస్తావు?"

"మొగం దొరకాల కదవ్వా. నా కంటికి నేనే చేసుకుంటే చెయ్యి అడ్డమొస్తాది. అమ్మనడిగితే, మీ నాయన సంపుతాడని కలుపు తీసేకి పోయింది."

"నాకు మొగం ల్యాదా?"

భువన కిసుక్కున నవ్వింది.

"ఏమిటికే నవ్వుతాండావు?"

"నీ రెప్ప మీద గీత గీస్తే పత్తికొండలో మొదలై ఆదోని దాకా వంకర్లు తిరిగి పోతాదవ్వా."

"పోనీ. ఆ కర్నూలామె నన్ను కోడల్ని చేసుకుంటాదా? పని సూస్తాది. సాలు పండ్లికిలించింది, మొదలుపెట్టు."

ఫోనులో పిల్ల దగ్గర రంగుల పెట్టె ఉంది, రకరకాల కుంచెలున్నాయి. భువన దగ్గర ఒక పౌడరు డబ్బా, చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లలు, అవ్వ చేసిన కాటుక ఉన్నాయి. అవ్వ తాను కాటుక మానేసినా వీధిలోని పసిపిల్లలందరికీ ఆమె కాటుకే. ఆముదం దీపం మీద ఇత్తడి తట్ట బోర్లించి, పట్టిన మసిని గీకి, ఆముదంతోనే నూరుతుంది.

అవ్వ కళ్లు మూసుకుని గోడకానుకుంది. భువన ముందు రెప్ప మీద పౌడరు అద్దింది, కాటుక జారకుండా. ముడతను వేలితో పైకి లాగి పట్టుకుని వెంట్రుకల పొడుగునా నల్లగా గీసింది. గీత ఆరకముందే దూది పుల్లతో పైకి పైకి రుద్దింది. ఎండకు ఆముదం కరిగి జారబోతే దాని మీద మళ్లీ పౌడరు వత్తింది. నలుపు కుదిరింది. ఇక పైన బూడిద రంగు కావాలి. అది ఏ డబ్బాలోనూ లేదు.

భువన అటూ ఇటూ చూసింది. దేవుడి గూట్లో అవ్వ విభూది బుట్టి కనిపించింది. ఉగాదికి నల్లమల అడవిలో కాళ్లు పుండ్లు పడేలా శ్రీశైలం నడిచిపోయి అవ్వ తెచ్చుకున్న విభూది అది. భువన చిటికెడు అరచేతిలో పోసుకుని, చిటికెన వేలితో కాసింత కాటుక కలిపింది. అచ్చం ఫోనులో పిల్ల పూసుకున్న రంగే.

"ఏందే అది, గుడి వాసనొస్తాండాది?"

"కొత్త పౌడరవ్వా. కదలొద్దు."

ఆ బూడిదను నలుపు అంచు మీద అద్ది, రెండూ ఎక్కడ కలిశాయో తెలియకుండా రుద్దింది. రెండో కంటికీ అట్లే చేసింది. దగ్గరికి జరిగి ఫోటో తీసుకుంది. తర్వాత, "ఇప్పుడు తెరువవ్వా" అంది.

అవ్వ కళ్లు తెరిచింది. రెప్పల మీది విభూది రాలి తిన్నగా కళ్లలో పడింది.

"అబ్బబ్బబ్బా! ఏం పోస్తివే కంట్లో! కారమా?"

"కారం కాదవ్వా, ఈబూది."

అవ్వ లేపిన గొంతుకు గోడ మీది కాకులు లేచిపోయాయి.

"మల్లయ్య ఈబూదా! నొసట పెట్టుకుని దండం పెట్టుకునేది, తీసి రెప్పలకు పూస్తావా! నీ చేతులిరగ! రాత్రికి ఆ సామి కలలోకొచ్చి, ఏమే గిడ్డీ, నా బూడిద నీకు సోకులకొచ్చిందా అంటే ఏం చెప్పాల? నీ పేరు చెప్తా. మీ వీధి, మీ ఇల్లు గుర్తులు కూడా చెప్తా!"

తిట్టేకొద్దీ మంట, మండేకొద్దీ నీళ్లు. ఆ నీళ్లు కాటుకను కలుపుకుని చెంపల మీద నల్లగా కాల్వలు కట్టాయి. కడుక్కుందామంటే కొళాయి రాలేదు, తొట్టిలో అడుగున పాచి తప్ప ఏమీ లేదు. భువన బిందె పట్టుకుని పక్కింటికి పరిగెత్తింది.

సరిగ్గా అప్పుడే నాగరాజ్ అన్నానికి వచ్చాడు.

మొదట అతనికి కనిపించింది తల్లి కళ్ల చుట్టూ నలుపు. "మొగుడు సచ్చినదానివి, ఈ వయసులో కాటుకేంది మా? ఊరోళ్లు..." అని గొంతు లేపాడు. అంతలో చెంపల మీద నీళ్లు కనిపించాయి. నాయన శవం ముందు కూడా చూడనిది ఇప్పుడు చూస్తున్నాడు. తల్లి ముందు చతికిలబడ్డాడు.

"నాయన గుర్తుకొచ్చినాడా మా?"

అవ్వ నోరు తెరిచింది. ఏం చెప్పాలో అంతా గొంతులోకి వచ్చి సిద్ధంగా నిలబడింది. నేను ఏడుస్తానా రా, ఎద్దుమొగమోడా, నీ కూతురు ఈబూది కొట్టింది కంట్లో.

"నేను నోరు మూసుకోమన్నందుకా?" అన్నాడు నాగరాజ్. "అందరి ముందర అన్నాను కదా. ఆ పిల్ల కోసం బాధపడతాండావా? పంపిస్తాలే మా. కర్నూలుకు పంపిస్తా. నువ్వు ఏడవొద్దు, నాకు శానా భయమయితాండాది."

గడప దగ్గర భువన బిందెతో నిలబడి ఉంది. అవ్వ వైపు చూసిందంతే.

అవ్వ జీవితంలో ఎన్నో మింగింది. ఇంత చేదుది ఎప్పుడూ మింగలేదు. నిజం చెబితే రాయి రాయిలాగే మిగులుతుంది, పిల్ల ఇంట్లోనే మిగులుతుంది. దవడలు బిగించి, కొడుకు మొహం చూడకుండా గోడతో చెప్పినట్టు చెప్పింది.

"పంపించు."

నాగరాజ్ భుజం మీది తువ్వాలు తీసి తల్లి కళ్లు తుడిచాడు. ప్రేమగా, గట్టిగా, రెప్పల మీద మిగిలిన విభూదంతా లోపలికి పోయేలా తుడిచాడు. అవ్వకు నీళ్లు మళ్లీ ధారగా కారాయి. "ఏడువు మా, ఏడువు, ఇన్నేండ్లది" అంటూ అతనూ ఏడ్చాడు. ఆ క్షణంలో అవ్వకు కొడుకు చెంప పగలగొట్టాలనిపించింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

భువన పంపిన ఫోటోకు కర్నూలు నుంచి శివజ్యోతి జవాబు సాయంత్రమే వచ్చింది. ముడతల కంటి మీద ఇంత బాగా కలిపావంటే చెయ్యి కుదిరినట్టే, వచ్చెయ్యి అంది. ఆ బూడిద రంగు ఏ కంపెనీదని అడిగింది. భువన ఒక నవ్వు బొమ్మ పంపి ఊరుకుంది.

నాగరాజ్ కడుపులో మాట నిలవదు. హోటల్లో టీ తాగుతూ ఒకరికి చెప్పాడు. తెల్లారేసరికి మార్కెట్టంతా పాకింది. టమాటా కుప్ప దగ్గర పనిచేసే వెంకటలక్ష్మమ్మ అవ్వ పక్కనే చేరి వీపు నిమిరింది.

"ఏడిస్తివంట కదా పిన్నమ్మా. మంచిదేలే. నీకూ గుండె ఉండాదని ఇప్పుడు తెలిసింది మాకు."

"నీ గుండెలో మన్ను పోయ! చెయ్యి తీయ్!"

ఎవరూ భయపడలేదు. అందరూ జాలిగా తలలూపారు. పాపం, లోపల దుఃఖం పెట్టుకుని పైకి అరుస్తాంటాది అన్నారు. అవ్వ ఎంత తిడితే అంత జాలి పెరిగింది. మగ్గిన టమాటా ఒకటి తీసి గోడకేసి కొట్టింది. దానికీ ఒకామె కళ్లు తుడుచుకుంది.

భువన కర్నూలు బస్సెక్కిన రోజు నాగరాజ్ సంచి పైకి అందించి వెనక్కి జరిగాడు. అవ్వ కిటికీ కమ్మీ పట్టుకుని మునివేళ్ల మీద లేచింది. మనవరాలికి మాత్రమే వినబడేటట్టు, పళ్ల మధ్యనుంచి చెప్పింది.

"బాగా నేర్చుకో. ఆడ ఇబ్బందిగా ఉండాదని, ఈడ అన్నం గుర్తుకొచ్చిందని సగంలో తిరిగొచ్చినావంటే, మీ నాయనకు ఈబూది సంగతి చెప్పేస్తా. నా పరువు నాకొస్తాది. నువ్వు మళ్లీ ఇంట్లో కూసుంటావు. తెలిసిందా?"

"తెలిసిందవ్వా."

"నవ్వొద్దు!"

బస్సు కదిలింది. దుమ్ము లేచి అవ్వ కళ్లలో పడింది. నాగరాజ్ తువ్వాలు తీసుకుని దగ్గరికి రాబోతే, "నా కండ్లు ముట్టుకుంటే నీ చెయ్యి ఇరుస్తా" అని బస్టాండు అదిరేలా అరిచింది.