పక్క సీటు బ్రేకు

ఆ డ్రైవింగ్ స్కూల్లో జీతం లేకుండా పనిచేసింది ఆమె ఒక్కతే. మగవాళ్లకు నేర్పే మాస్టారికి నెల తిరిగేసరికి జీతం చేతిలో పడేది. ఆడవాళ్ల బ్యాచ్ అంతా ఆమెదే, తెల్లారకముందే కారు తీసేది, అయినా పైసా లేదు. ఒకసారి అడిగింది కూడా.

"ఇంటి మనిషికి జీతమేంటి? విన్నవాళ్లు నవ్వుతారు" అన్నాడు ఓనరు, అంటే ఆమె భర్త.

ఆమే నవ్వేసి ఊరుకుంది. బోర్డు మీద ఆయన పేరు, గోడ మీద ఆయన ఫొటో. నేర్చుకునే ఆడవాళ్లు మాత్రం ఆమెను బ్రేకక్క అనేవాళ్లు. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఎదురుగా లారీ వస్తుంటే స్టీరింగ్ పట్టినావిడ కళ్లు మూసుకునేది, బ్రేకక్క కాలు ఆ బ్రేకు మీద పడేది. తర్వాత తిట్టేది కాదు. "కళ్లు తెరువమ్మా, ఇంకా బతికే ఉన్నాం" అనేది.

కాపురం చెడింది. విడిపోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు కానీ ఆస్తి దగ్గర పీటముడి పడింది. కోర్టు వాళ్లను మధ్యవర్తి దగ్గరికి పంపింది. చిన్న గది, గుండ్రటి బల్ల, మంచినీళ్ల గ్లాసులు. బయట బెంచీ మీద చెల్లెలు. "సంతకం పెట్టే ముందు నన్నో కేకెయ్ అక్కా" అని మరీ మరీ చెప్పి పంపింది.

లోపల ఓనరు గొంతు తగ్గలేదు. "స్కూలు నాది, కార్లు నావి. ఈవిడ పనిచేసిందన్నదే నిజమైతే జీతం తీసుకునేది కదా మేడమ్? ఒక్క నెల తీసుకున్నట్టు చూపించమనండి!"

ఇవ్వనని చెప్పిన జీతమే ఇప్పుడు ఆమె పనిచేయలేదనడానికి సాక్ష్యమైంది. బ్రేకక్క చెల్లెలి ఇంటి ముందు గదిలో చాప మీద పడుకుని పడుకుని విసిగిపోయింది. ఎంతో కొంత తీసుకుని బయటపడితే చాలనిపించింది. పెన్ను చేతిలోకి తీసుకుంది.

"ఆగండమ్మా, మొత్తం చదవనివ్వండి" అంటూ మధ్యవర్తి మేడమ్ ఓనరు తెచ్చిన షరతులు ఒక్కొక్కటే పైకి చదివింది. ఒకేసారి ఇచ్చే సొమ్ము. స్కూలు మీద హక్కు వదులుకోవడం. చివరిది: "ఇకపై ఈ ఊళ్లో ఎవరికీ డ్రైవింగ్ నేర్పరాదు."

బల్ల కింద దబ్బుమని చప్పుడైంది. గ్లాసులో నీళ్లు తొణికి కాగితం మీద పడ్డాయి. బ్రేకక్క కుడికాలు నేలను గట్టిగా తొక్కిపెట్టి ఉంది.

ఓనరు పకపకా నవ్వాడు. "చూశారా మేడమ్, ఇక్కడా బ్రేకేస్తోంది! ఇంట్లో సోఫాలో కూర్చున్నా ఇంతే."

"ఎలా వచ్చిందండీ ఈ అలవాటు?"

"ఎలా ఏముంది, ఇన్నేళ్లుగా పొద్దున్నే లేడీస్ బ్యాచ్ అంతా తనే కదా..."

ఆయన నాలుక కరుచుకున్నాడు.

"ఇది కోర్టు కాదు. ఇక్కడి మాట బయటికి పోదు" అంది మేడమ్ నిదానంగా. "కానీ ముగ్గురం విన్నాం."

బ్రేకక్క పెన్ను బల్ల మీద పెట్టేసింది. "నేర్పొద్దంటే నేనేం తిని బతకాలండీ? ఈ కాగితం మీద సంతకం పెట్టను. నా లాయరుకు చూపించాలి. స్కూలు లెక్కలన్నీ ఈ బల్ల మీదకి రావాలి."

"బెదిరిస్తున్నావా?"

"లేదండీ. ఆపానంతే."

ఆ తర్వాత కూర్చున్న ప్రతిసారీ తాడో పేడో అన్నట్టే నడిచింది. ఆయన రెండుసార్లు లేచి వెళ్లిపోయాడు, మళ్లీ వచ్చాడు. చివరికి ఆ షరతు కొట్టేశారు. రెండు బ్రేకుల కారు ఒకటి ఆమెకొచ్చింది, స్కూలు విలువలో కొంత వాటా వాయిదాల మీద వస్తోంది. ఊరికే చేసిన ఆ ఏళ్ల జీతం మాత్రం రాలేదు. దాన్ని న్యాయమని నేననను.

మీ దుకాణంలో, మీ క్లినిక్కులో, మీ మిల్లులో ఇంటి మనిషి పేరుతో ఒక ఆడమనిషి చాకిరీ చేస్తూ ఉంటే ఈ నెలే ఆమె చేతికి జీతం ఇవ్వండి, కాగితాల మీద ఆమె పేరు రాయించండి. మీకు తెలిసినావిడ ఎవరైనా మధ్యవర్తి దగ్గరికి వెళ్తుంటే, అక్కడ ఎవరూ తీర్పు చెప్పరనీ, సంతకం పడేదాకా వద్దనే హక్కు ఆమెదేననీ చెప్పండి. చెప్పి ఊరుకోకండి. వెంట వెళ్లి ఆ బెంచీ మీద కూర్చోండి.