చెత్తకుండీ తీసేసిన మూల

ఉంగుటూరు దాటాక కాలవ గట్టున ఉన్న ఓ మేజరు పంచాయతీలో దేవకుమారి పదకొండేళ్ళుగా చీపురు పడుతోంది. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ఏ ఇంట్లో ఏం వండారో, ఎవరికి మందులు మార్చారో, ఎవరింటికి చుట్టాలు దిగారో వీధి మూల చెత్తకుండీ చూసి చెప్పగలదు. కానీ చెప్పదు. చెబితే ఆ వీధిలో ఆమెకి మంచినీళ్ళు కూడా పుట్టవు.

సోమవారం ఆ కుండీని లారీ ఎక్కించి తీసుకుపోయారు. ఇంటింటికీ బండి వస్తోంది కదా, ఇంకా వీధిలో కుండీలెందుకన్నారు. మర్నాడు తెల్లారేసరికి, కుండీ లేని చోట సంచులు కుప్పపడి ఉన్నాయి. కుండీ పోయింది గానీ జనం అలవాటు పోలేదు.

"శుక్రవారం ఏడింటికి ఏలూరు నుంచి తనిఖీ టీమొస్తంది," అన్నాడు పంచాయతీ మేస్త్రి గంగరాజు. "కుండీలు తీసిన రెండు మూలలూ ఫొటోలు తీస్తారు. ఒకటి నీది, రెండోది మార్కెట్టు కాడ మాణిక్యానిది. డంపింగ్ యార్డుకి ఓ మనిషి కావాలని ప్రెసిడెంటుగారు ఎప్పట్నుంచో అంటన్నారు. ఎవరి మూల పాడుగా ఉంటే ఆళ్ళే ఎల్తారు. నా చేతుల్లో ఏం లేదు."

యార్డంటే ఏంటో దేవకుమారికి తెలుసు. మొగుడు యోబు నాలుగేళ్ళు అక్కడే చేశాడు, ఆరకుండా రాజుకునే ప్లాస్టిక్కు పొగలో. ఇప్పుడు పడుకుంటే అతనికి ఊపిరాడదు. గోడకి దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోతాడు. తనూ అలా అయిపోతే ఆ మనిషికి గుక్కెడు గంజి పోసేదెవరు?

"ఆ చోట ముగ్గెయ్యి," అన్నాడు గంగరాజు. "ముగ్గు మీద చెత్త ఎయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు."

"మా ఇళ్ళల్లో ముగ్గులెయ్యమండి మేస్త్రిగారూ. నాకు రాదండి."

"క్రిస్మస్‌కి స్టారు కడతారుగా? అదే కింద గియ్యి."

శుక్రవారం ఆరింటికి చెత్త బండి విజిలేసుకుంటూ వెళ్ళిపోయింది. అసలు గండం ఆ తరవాతే. బండి పోయాక ఇళ్ళలోంచి బయటపడే సంచులే ఆ మూలకి చేరతాయి. దేవకుమారి నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, సున్నంలో బ్లీచింగు కలిపి ముగ్గు మొదలెట్టింది. డ్రైనేజీ పక్కన తిన్నగా గీత పోసే చెయ్యి అది. వంపు తిప్పడం ఎరగదు. చుక్కలు పెట్టింది, కలిపింది, చెరిపి మళ్ళీ కలిపింది. చివరికి అది ముగ్గూ కాలేదు, నక్షత్రమూ కాలేదు. కాళ్ళు చాపిన పీతలా తయారైంది.

ఏడింటికి పావుగంట ఉందనగా ఎదురింటి గేటు చప్పుడైంది. పదెకరాల ఆసామి భార్య కామేశ్వరి, చేతిలో నల్ల సంచితో వచ్చింది. విసరబోయి, ఆగింది.

"ఎవరేశారే ఇది?"

"నేనేనండి."

"ముగ్గా? కోడి గెలికినట్టుంది. మా గుమ్మం ఎదురుగా చూసి, నేనే వేశాననుకోరూ నలుగురూ?"

"అమ్మగారూ, సంచి మటుకు ఇక్కడెయ్యకండి. ఏడింటికి ఆఫీసర్లొస్తారండి. చెత్త కనపడితే నన్ను యార్డుకి తోసేస్తారండి."

"మీ బండి విజిలేసే వేళకి నేను స్నానంలో ఉంటాను. రాత్రి అల్లుడు కైకలూరు నుంచి రొయ్యలు తెచ్చాడు. ఆ తొక్కలు ఇంట్లో పెట్టుకుని కూచోమంటావా?" అంటున్నా ఆమె చూపు ముగ్గు మీదే ఉంది. "ఉండు. ఈ పీతని చూస్తూ నాకు కాఫీ దిగదు. పిండి డబ్బా తెస్తాను."

సంచి అక్కడే నేల మీద పెట్టి లోపలికి పోయింది.

దేవకుమారి ఒక్క అంగలో వెళ్ళి సంచి ఎత్తింది. ఎత్తడమే తడవు, అడుగు చిరిగింది. రొయ్య తలలు, తొక్కలు, నల్లటి నీళ్ళు ముగ్గంతా పరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే కాలవ వంతెన మీద జీపు హారను మోగింది.

తడి తొక్కలు చీపురుకి లొంగలేదు. కూలబడి రెండు చేతులతో ఎత్తింది. తలల మీది ముళ్ళు అరచేతుల్లో దిగుతున్నాయి. ఎక్కడ పొయ్యాలి? ఇదివరకైతే చెయ్యి చాస్తే కుండీ ఉండేది. పంచాయతీ వాళ్ళిచ్చిన నారింజ రంగు కోటు విప్పి, అందులో పోసి, మూటకట్టి చంకన పెట్టుకుంది. జీపు మలుపు తిరిగింది.

కామేశ్వరి డబ్బాతో వచ్చి నేలని చూసింది, మూటని చూసింది, జీపుని చూసింది. కుచ్చిళ్ళు దోపుకుని కూర్చుని, తడి మరకల మీద గుప్పిళ్ళతో పిండి చల్లి, దాని మీదే పద్మం తిప్పేసింది. జీపు ఆగేసరికి ఆఖరి రేకు కలిసింది.

దిగిన ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి. ఫోనెత్తి, ముక్కు ముడిచింది.

"ఏంటండీ ఈ వాసన?"

దేవకుమారి చంక ఇంకా బిగించింది. మూటలోంచి చల్లటి నీళ్ళు నడుం మీదుగా కారుతున్నాయి.

"మా ఇంట్లో రొయ్యలండి," అంది కామేశ్వరి, చేతులు దులుపుకుంటూ. "రండి, తిని వెళ్దురు గాని."

"పొద్దున్నే ఏడింటికా?"

"రొయ్యలకి వేళేంటండీ!"

ఆ అమ్మాయి నవ్వేసి ఫొటో తీసుకుంది. జీపెక్కబోతూ వెనక్కి తిరిగింది. "ఏమ్మా, నీ కోటేది?"

"ఉతకాలండి," అంది దేవకుమారి. అది మాత్రం అబద్ధం కాదు.

జీపు కనుమరుగయ్యాక కామేశ్వరి గేటు పట్టుకుని నిలబడింది. "రేపట్నుంచి బండొచ్చే ముందు వచ్చి గేటు కొట్టు. సంచి బండిలోనే వేస్తాను."

"మీరు స్నానంలో ఉంటారు కదండీ."

"ముందే చేసి చస్తాన్లేవే. నా ముగ్గు మీద ఎవడైనా సంచి విసరనీ, చెప్తాను వాడి సంగతి."

శనివారం హాజరు దగ్గర గంగరాజు యార్డుకి మాణిక్యం పేరు చదివాడు. మార్కెట్టు మూలలో సరిగ్గా జీపు వచ్చే ముందు ఎవరో కుళ్ళిన క్యాబేజీ దింపి పోయారట. మాణిక్యం చీపురు గోడకి ఆనించి, కుళాయి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కోసాగాడు.

బతికిపోయాననుకుంది దేవకుమారి. తనూ కుళాయి దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముడూ, పొగకి ఎదురు నిలబడకు. గాలి ఎటునుంచి వస్తందో చూసుకుని ఆ పక్కే ఉండు. ముక్కుకి తడిగుడ్డ నాలుగు మడతలెయ్యి, రెండు చాలవు. మీ బావకి ఇయ్యన్నీ చెప్పినోళ్ళు లేరు."

మాణిక్యం తలెత్తాడు. "నీ మూల ముగ్గు బాగుందంట కదక్కా."

మెచ్చుకున్నాడో, పొడిచాడో తెలీలేదు. ముళ్ళు గీరుకున్న అరచేతుల్ని కొంగులో మూసుకుని, అతని కోసం కుళాయి ధార కాస్త పెద్దది చేసింది.