తప్పులేమీ లేవన్న బుధవారం

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. (ఆ తెలిసినవన్నీ తరవాత ఎటు పోయాయో ఇప్పటికీ అంతుపట్టదు.) ఫిల్మ్ నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ పై అంతస్తులో మా చిన్న కంపెనీ. ఇతరులు రాసిన ప్రోగ్రాములను నడపకుండానే చదివి, ఎక్కడ తప్పుందో చూపించే ఎనలైజర్ తయారు చేసేవాళ్ళం. దానికే ఒక జబ్బు. విలువ ఉండాల్సిన చోట ఏమీ లేకపోతే, మా భాషలో ‘నల్’ ఎదురైతే, అదే కుప్పకూలేది. ఆ జబ్బు నయం చేసే పని ప్రొబేషన్‌లో ఉన్న నాకు అప్పజెప్పారు మా పెద్దసారు. ఆయనది భీమవరం వైపు. నాలాంటి వాణ్ణి కూడా ‘అండీ’ అనే పిలిచేవారు. శుక్రవారం క్లయింటు వస్తున్నారని, ఆలోగా అది పడిపోకుండా చేస్తే నా ఉద్యోగం ఖాయమని చెప్పారు.

నేను ప్రతి చోటా ఒకే మందు వేశాను: ఏమీ దొరకకపోతే గొడవ చేయకుండా వెనక్కి వచ్చెయ్. బుధవారం సాయంత్రానికి ఎనలైజర్, అంతకుముందు తను పడిపోయిన ఫైళ్ళన్నిటినీ మింగి, ‘తప్పులేమీ లేవు’ అని మర్యాదగా చెప్పసాగింది. మర్నాడు పొద్దున్నే పెద్దసారు క్లయింటుకు ధీమాగా ఫోన్ చేసి, మా అందరికీ కోవా తెప్పించారు.

బోరబండ నుంచి వచ్చే మా టెస్టింగ్ అక్క మాత్రం కోవా ముట్టలేదు. కింద మెట్ల మీద ఎవరో డబ్బింగ్ అమ్మాయి ఏడుపు డైలాగు సాధన చేస్తోంది. అక్క కాసేపు విని, ‘నన్ను వదిలి వెళ్ళకు బావా’ అన్న ఆ మాటలనే ఒక ఫైల్లో కొట్టి, ఎనలైజర్‌కి ఇచ్చింది. తప్పులేమీ లేవంది అది.

“జర గీడ చూడు తమ్మీ,” అంది అక్క. “బావ పోతుండని ఆమె ఏడుస్తుంటే, నీది అంతా మంచిగనే ఉందంటుంది.”

నాకు మొదట అర్థం కాలేదు. (అయ్యాక, కాకపోయినా బాగుండేదనిపించింది.) అది ప్రోగ్రామే కాదు కనక చదవడానికేమీ దొరకలేదు, దొరకలేదు కనక, నా మందు పుణ్యమా అని, ఎనలైజర్ గుట్టుగా వెనక్కి వచ్చేసింది. మిగతా ఫైళ్ళ సంగతీ అంతే. ఒక్కదాన్నీ పూర్తిగా చదవలేదన్నమాట.

వెళ్ళి పెద్దసారుకు చెప్పాను. అక్క కొట్టిన ఆ ‘బావా’ ఫైలును ఆయన రెండుసార్లు చదివారు. కోపమో, నవ్వు ఆపుకుంటున్నారో తెలియలేదు.

“ఏమీ దొరక్కపోతే దొరకలేదని చెప్పాలి గానీ, అంతా బాగుందని ఎలా చెబుతామండీ?” అన్నారు చివరికి. క్లయింటును బతిమాలి వచ్చే వారానికి మార్చింది కూడా ఆయనే.

ఆ వారమంతా అక్క పక్కన కూర్చుని, ఏది తప్పకుండా ఉండాలో, ఏది లేకపోవచ్చో కోడ్‌లోనే తేల్చి రాశాను; లేనప్పుడు ఆ సంగతి పైకి చెప్పేలా మార్చాను. క్లయింటు ఎదుట ఎనలైజర్ ఒక ఫైలు దగ్గర ఆగి, చదవలేకపోయానని ఒప్పుకుంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. క్లయింటు ఆ ఫైలు తెరిచి, అది నిజంగానే సగంలో తెగిపోయి ఉందని, తమవాళ్ళెవరూ గమనించలేదని తెగ సంబరపడ్డారు. నా ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు నా కిందా నలుగురు కుర్రాళ్ళున్నారు. వాళ్ళలో ఎవరైనా తప్పులేమీ లేవంటూ వస్తే, అభినందించే ముందు అనుమానిస్తాను. మంచి అలవాటే. కానీ ఆ బుధవారం సాయంత్రం, జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూడా బండి మీద కూనిరాగం తీసిన ఆ కుర్రాడు, అప్పటి నేను, అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాడి కోడ్ నేనిప్పుడు ఒప్పుకోను. వాడి ధీమా మాత్రం, దొరికితే, కాస్త అరువు తెచ్చుకోవాలనుంది.